బ్యూప్రెనార్ఫిన్ వాడుతున్న తమ్ముడికి అల్ప్రాజోలమ్ రాశారు: రెండూ కలిపి వాడవచ్చా?

ప్రశ్న:

మా తమ్ముడు నొప్పి మాత్రలకు బానిసై రెండేళ్లు నరకం చూశాడు. ఎనిమిది నెలలుగా బ్యూప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిసిన మాత్రను రోజూ నాలుక కింద పెట్టుకుంటూ, మళ్లీ పనికి వెళ్తూ, అందరితో మనసు విప్పి మాట్లాడుతున్నాడు. ఆందోళన మాత్రం వాడిని వదలలేదు. అర్ధరాత్రి గుండెదడతో లేచి కూర్చుంటున్నానని వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన అల్ప్రాజోలమ్ రాశారు. తాను వాడుతున్న మందు గురించి చెప్పడానికి సిగ్గుపడి తమ్ముడు ఆయనకు ఏమీ చెప్పలేదు. మూడు వారాలుగా రెండూ వేసుకుంటున్నాడని నాకు నిన్ననే తెలిసింది. మొన్న రాత్రి వాడి గురక మధ్యమధ్య ఆగిపోయి, కాసేపటికి పెద్ద శబ్దంతో మళ్లీ మొదలవుతుంటే, అలసట కాబోలు అనుకున్నాను. ఇప్పుడు అది తలుచుకుంటే భయం వేస్తోంది. ఏ మందు ఆపించాలి? మాత్రలోనే నాలోక్సోన్ ఉంది కనుక ప్రమాదం ఉండదని వాడు అంటున్నాడు. అది నిజమేనా?

జవాబు 1 (ఫార్మసిస్టు):

అమ్మా, మీరు చెప్పిన ఆ గురకను తేలిగ్గా తీసుకోకండి. ఈ రాత్రి మాత్రలు వేసుకునే లోపే, బ్యూప్రెనార్ఫిన్ ఇస్తున్న డాక్టరుతో మాట్లాడి, ఈ విషయం తప్పకుండా చెప్పండి.

మెదడు కాండంలో శ్వాసను నడిపే కేంద్రాన్ని ఓపియాయిడ్లు (నల్లమందు తరహా మందులు; బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ కూడా ఈ కోవలోవే) ఒక దారిలో మందగింపజేస్తే, అల్ప్రాజోలమ్, డయాజెపామ్, క్లోనజెపామ్ వంటి బెంజోడయాజెపైన్లు గాబా అనే రసాయనం పనిని పెంచి మరో దారిలో అణచివేస్తాయి. బ్యూప్రెనార్ఫిన్ ఒక్కటే వాడితే మోతాదు పెరిగినా శ్వాసపై దాని ప్రభావం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. అందుకే దానిని మిగతా ఓపియాయిడ్ల కన్నా సురక్షితమంటారు. బెంజోడయాజెపైన్ తోడైతే ఆ హద్దును నమ్ముకోవడానికి వీల్లేదు. ఫ్రాన్సులో 1996 నుంచి ఈ మందును విస్తృతంగా ఇవ్వడం మొదలయ్యాక, దానితో ముడిపడిన మరణాల్లో చాలావాటిలో బెంజోడయాజెపైన్లు కూడా బయటపడ్డాయి. మద్యం కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది; నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ విషయంలోనూ జాగ్రత్త తప్పదు.

నాలోక్సోన్ ఓపియాయిడ్ల ప్రభావాన్ని తిప్పికొట్టే మందే అయినా, దాని గురించి మీ తమ్ముడు పొరబడ్డారు. నాలుక కింద పెట్టుకున్నప్పుడు అది రక్తంలోకి దాదాపుగా చేరదు. మాత్రను కరిగించి సూదితో ఎక్కించుకోకుండా చేయడానికే దానిని కలుపుతారు. పైగా నాలోక్సోన్ ఏ రూపంలో ఇచ్చినా అల్ప్రాజోలమ్ మీద పనిచేయదు.

అలాగని ఏ మందునూ మీ అంతట మీరు ఆపించకండి. రోజూ వాడుతున్న అల్ప్రాజోలమ్‌ను ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ రావచ్చు. బ్యూప్రెనార్ఫిన్ మానేస్తే పాత అలవాటు తిరగబెట్టే ముప్పు ఎక్కువ, అప్పటికి ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఈ కలయికపై అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. 2017లో మాత్రం, బెంజోడయాజెపైన్ వాడుతున్నారన్న కారణంతో బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ చికిత్సను నిరాకరించకూడదని, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలని వివరణ ఇచ్చింది. నా దృష్టిలో ఈ రెండో మాట మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. భయంతో అసలు చికిత్సను మానేసినవారిని చూశాను.

జవాబు 2:

నేను మెథడోన్ మీద ఉన్నప్పుడు డయాజెపామ్ వాడాను, అదీ దాచిపెట్టే. మెథడోన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. అది సగానికి తగ్గడానికి ఒకరిలో ఎనిమిది గంటలు పడితే మరొకరిలో రెండు రోజులు దాటవచ్చు, కాబట్టి మొన్నటి మోతాదు మీదే ఇవాళ్టిది పేరుకుంటుంది. ఒకనాడు కుర్చీలో కూర్చుని, చేతిలోని కప్పు ఒలికి తొడ మీద పడినా నాకు మెలకువ రాలేదు. మా అక్క భుజం పట్టి కుదిపితే కళ్లు తెరిచాను. ఆ రోజే డాక్టరుకు చెప్పేశాను. ఆయన నన్ను కసరలేదు. కొన్ని నెలల పాటు డయాజెపామ్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ఆందోళనకు సెర్ట్రలిన్ మొదలుపెట్టి, ఆలోచనా ధోరణిని మార్చుకునే చికిత్సకు పంపించారు. సెర్ట్రలిన్ ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలే నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచాయి. మీ తమ్ముడికి అప్పుడు మీ తోడు కావాలి. అబద్ధమాడావని నిలదీస్తే మళ్లీ దాచిపెడతారు.

ప్రశ్న అడిగినవారు:

ఇప్పుడే డాక్టరుతో మాట్లాడాం. ఇవాళే రమ్మన్నారు. రాత్రి నేను ఏ లక్షణాలు చూసుకోవాలి?

జవాబు 1 (ఫార్మసిస్టు):

పెదవులు, గోళ్లు నీలి రంగుకు మారడం, శ్వాస మధ్య ఎక్కువ విరామం రావడం, గొంతులో గరగర శబ్దం, గట్టిగా పిలిచి రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దినా కదలకపోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే అంబులెన్సును పిలవండి. శ్వాస ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆడకపోతే నోటితో శ్వాస అందించండి. నాలోక్సోన్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవడం గురించి డాక్టరును అడగండి. బ్యూప్రెనార్ఫిన్ మెదడులో తన స్థానాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక ఒక మోతాదు చాలకపోవచ్చు. స్ప్రే ఇచ్చాక కళ్లు తెరిచినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. దాని ప్రభావం సుమారు అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోతుంది, మిగతా మందులు అప్పటికీ ఒంట్లోనే ఉంటాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు మందుల డబ్బాలూ వెంట తీసుకెళ్లండి.