టీకా వేయించుకో లేదా జైలుకి పో: జడ్జి ఇలా షరతు పెట్టొచ్చా?

ఒహాయో_వాసి
2021 ఆగస్టులో అమెరికాలో, మా ఒహాయో రాష్ట్రం సిన్సినాటిలో జరిగిందిది, అప్పట్లో ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద మామూలుగా కొట్టుకోలేదు. ఒకతను ఫెంటనిల్ అనే మత్తుమందు కేసులో దొరికాడు, జైలు లేకుండా షరతుల మీద బయట ఉండేలా రెండేళ్లు ప్రొబేషన్ ఇచ్చారు, ఇస్తూ ఇస్తూ జడ్జి క్రిస్టఫర్ వాగ్నర్ ఇంకో షరతు తగిలించాడు, రెండు నెలల్లో కోవిడ్ టీకా వేయించుకోవాలి, ప్రొబేషన్ తప్పితే 18 నెలల దాకా జైలు. అసలు మాట ఎలా వచ్చిందంటే అతను మాస్కుతో వచ్చాడు, టీకా వేయించుకోనివాళ్లే మాస్కు పెట్టుకోవాలని ఆ కోర్టులో రూలు, ఎందుకు పెట్టుకున్నావని జడ్జి అడిగాడు, అంతే. రూలు పాటించి దొరికిపోయాడు పాపం. నేను మూడు డోసులు వేయించుకున్నవాణ్ణే, అయినా నా లెక్కలో ఇది తప్పు. ఫెంటనిల్‌కీ టీకాకీ ఏంటి సంబంధం?

నర్సక్క
సంబంధం లేదని అంత ఈజీగా ఎలా అంటారండీ. డ్రగ్ ట్రీట్‌మెంట్‌కి వెళ్లు, మందు మానెయ్, మానసిక వైద్యం చేయించుకో అని జడ్జీలు రోజూ ఆర్డర్లు వేస్తారు, అవీ ఒంటికి సంబంధించినవే కదా. వాగ్నర్ చెప్పిందీ అదే. ఆ ఏడాదంతా నేను ఐసీయూలో నైట్ డ్యూటీలే చేశా. ఒకాయన మాట్లాడలేడు, ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆయన చెవి దగ్గర పట్టుకున్నా, అవతల కూతురు ఏడుస్తూనే ఉంది, గ్లోవ్స్‌లో నా చెయ్యి చెమటకి జారిపోతోంది. అలాంటివి చూశాక హక్కులూ హక్కులూ అంటే నాకు కొంచెం చిరాకే, ఏమనుకోకండి.

గుంటూరు_ప్లీడరు
అక్కా, మీ బాధ కాదనను. కానీ ఇక్కడ ప్రశ్న టీకా మంచిదా కాదా అని కాదు, చెప్పే అధికారం ఎవరిది అని. అందరూ పట్టుకొచ్చే కేసు 1905 నాటి జాకబ్సన్‌ది, మసాచుసెట్స్‌లో మశూచి టీకా వద్దన్నందుకు 5 డాలర్లు జరిమానా పడింది, అమెరికా సుప్రీంకోర్టు సరే అంది. అయితే అది చట్టసభ చేసిన చట్టం, దాని కింద ఊరి ఆరోగ్య బోర్డు పెట్టిన రూలు, ఊరందరికీ ఒకటే. ఒక జడ్జి బెంచి మీద కూర్చుని ఎదురుగా నిలబడ్డ ఒక్కడికి పెట్టింది కాదు. అయినా అప్పుడు పోయింది 5 డాలర్లు, ఇక్కడ పోయేది 18 నెలలు.

పైగా ఒహాయో సుప్రీంకోర్టే 1990లో కొలత పెట్టింది: ప్రొబేషన్ షరతు మనిషిని దార్లో పెట్టడానికి పనికిరావాలి, చేసిన నేరంతో ఎంతో కొంత ముడిపడాలి, మళ్లీ నేరం చెయ్యకుండా చూసేదై ఉండాలి. డ్రగ్ ట్రీట్‌మెంట్ మూడింట్లోనూ పాసవుతుంది. టీకా ఎక్కడ పాసవుతుందో మీరే చెప్పండి.

తిరగమోత
మనోళ్లు తక్కువ తిన్నారా ఏంటి. 2020లో జార్ఖండ్ హైకోర్టు బెయిల్ కావాలంటే పీఎం కేర్స్‌కి 35,000 కట్టు, ఆరోగ్య సేతు డౌన్‌లోడ్ చేసుకో అంది. అదే ఏడాది మధ్యప్రదేశ్‌లో ఆడమనిషిని వేధించినోడికి ఆమె చేత రాఖీ కట్టించుకురమ్మని బెయిలిచ్చారు, 2021 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అదొక గొప్ప ఐడియా!

గుంటూరు_ప్లీడరు
అదే నా గోల కూడా. మా దగ్గర షరతంటే వారం వారం స్టేషన్లో సంతకం, పాస్‌పోర్ట్ అప్పగించడం, సాక్షుల జోలికి పోకపోవడం. ప్రతిదానికీ కేసుతో లింకుంటుంది. టీకా విషయమైతే 2022 మే 2న మన సుప్రీంకోర్టు తేల్చేసింది, బెంచిలో మా గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేసిన లావు నాగేశ్వరరావు గారు, గవాయ్ గారు. రాజ్యాంగంలో ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే ఆర్టికల్ 21 కింద ఎవరికీ బలవంతంగా టీకా వెయ్యకూడదన్నారు. అలాగని ప్రభుత్వ టీకా పాలసీని తప్పు పట్టలేదు, జనం మంచి కోసం కొన్ని ఆంక్షలు పెట్టొచ్చు, అవి అవసరానికి మించకూడదు అన్నారు.

నర్సక్క
సరే, బలవంతం వద్దు. మరి మీ ఒహాయోలోనే కొలంబస్‌లో ఇంకో జడ్జి, రిచర్డ్ ఫ్రై, ముందు అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడిగి, లేవన్నాకే షరతు పెట్టాడు కదా. జార్జియాలో కొందరైతే టీకా వేయించుకుంటే కమ్యూనిటీ సర్వీస్ గంటలు తగ్గించారు. దాన్నీ తప్పంటారా? వద్దనుకున్నవాడు మొత్తం గంటలూ చేస్తాడు, అంతేగా.

ఒహాయో_వాసి
అక్కా, జైలు ఎదురుగా పెట్టి నీకు అభ్యంతరమా అంటే ఎవడంటాడు ఉందని? 2017లో టెన్నెసీలో వైట్ కౌంటీ జడ్జి వేసెక్టమీ, అంటే మగవాళ్లకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేయించుకుంటే శిక్షలో 30 రోజులు తగ్గిస్తానన్నాడు. అదీ "ఇష్టమైతేనే". మన ఎమర్జెన్సీ రోజుల ఆపరేషన్ క్యాంపుల గురించి మా తాత చెప్పేవాడు, అక్కడా అందరూ వేలిముద్ర వేసే లోపలికెళ్లారు.

నర్సక్క
వేసెక్టమీనీ టీకానీ ఒక గాటన కట్టకండి, నాకు ఒళ్లు మండుతుంది. టీకా అనేది పక్కవాడి ప్రాణం సంగతి. కానీ ఒకటి ఒప్పుకుంటా. అదే 2021 ఆగస్టులో చికాగోలో ఒక జడ్జి పిల్లాడి ఖర్చుల కేసు వింటూ, ఎవరూ అడక్కుండానే తల్లిని టీకా గురించి అడిగి, వేయించుకోలేదంటే కొడుకుని చూడ్డానికి వీల్లేదన్నాడు. తర్వాత ఆయనే వెనక్కి తీసుకున్నాడు. అది చదివినప్పుడు మాత్రం నాకూ గుండె కలుక్కుమంది. పిల్లాడికి 11 ఏళ్లే.

తిరగమోత
అక్క సగం దిగొచ్చింది

నర్సక్క
పావు. జైల్లో ఒకే గదిలో పదిమందిని కుక్కే చోట నా మాట మారదు. ప్లీడరు గారూ, దానికి మీ మూడు కొలతల్లో ఏది అడ్డమో చెప్పండి, డ్యూటీ నుంచి వచ్చి చూస్తా.