చెన్నై హాస్టల్లో రూమ్మేట్: మనవాళ్లే కావాలా, ఎవరైనా ఫర్వాలేదా?

ఒంగోలు అన్న:
మా తమ్ముడు చెన్నై దగ్గర ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో చేరాడు. హాస్టల్లో తిరునెల్వేలి అబ్బాయితో కలిపి వేశారు. వీడికి తమిళం రాదు, అతనికి తెలుగు రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అమ్మకు ఒకటే టెన్షన్. పై అంతస్తులో తెలుగు పిల్లల రూములో మంచం ఖాళీగా ఉంది, అడిగితే వార్డెన్ కాదనేలా లేడు. మార్పించమంటారా, ఉంచమంటారా?

నెల్లూరు కారం:
మార్పించేయండి. కొత్త ఊరు, మెస్సులో ఉప్పుడు బియ్యం అన్నం, ఇంటి మీద బెంగ. రాత్రిపూట జ్వరం తగిలితే 'ఒళ్లంతా లాగేస్తోందిరా' అని చెప్పుకోవడానికి పక్కన మనిషుండాలి. ఇంగ్లీషు వెతుక్కునే ఓపిక జ్వరంలో ఎక్కడిది? స్నేహాలు క్లాసులో చేసుకోవచ్చు, రూములో మాత్రం మనవాళ్లుండాలి.

వేళచ్చేరి అక్క:
జ్వరం సంగతి కాదనను. కానీ నా రూమ్మేట్‌ది కుంభకోణం. మొదట్లో మేం మాట్లాడుకున్నదల్లా ఫ్యాను స్పీడు గురించే. తను తెల్లారుజామునే లేచి, నా నిద్ర చెడుతుందని లైటు వేయకుండా సెల్‌ఫోన్ వెలుతురులో జడ వేసుకునేది. ఆ పని నా కోసమని నాకు తెలియడానికే చాలా రోజులు పట్టింది, తను చెప్పుకునే రకం కాదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. 4వ తేదీన మా వీధిలో నీళ్లు నిలిచాయి, కరెంటు పోయింది. మర్నాడు తుపాను తీరం దాటింది ఎక్కడనుకున్నారు, మా బాపట్ల దగ్గర. ఇంటికి ఫోన్ కలవడం లేదు. తను వాళ్లింటికి ఒక్క మెసేజ్ పెట్టి, పవర్ బ్యాంకులో మిగిలిన కాస్త ఛార్జింగూ నా ఫోనుకే పెట్టింది. తెలుగమ్మాయి అయితే చేసేది కాదా? చేసేదే. అందుకు తెలుగు రావాల్సిన పనిలేదంటున్నా, అంతే.

నెల్లూరు కారం:
మీకు మంచి పిల్ల దొరికిందక్కా. అందరికీ దొరుకుతారా? మా చెల్లెలి రూములో మిగతా ఇద్దరూ తమిళులే. పొద్దస్తమానం వాళ్లలో వాళ్లే కబుర్లు, ఇది గోడవైపు తిరిగి కూర్చునేది.

వేళచ్చేరి అక్క:
ముగ్గురిలో ఇద్దరిది ఒకే భాషయితే నేనూ మార్పించమనే అంటా. ఇక్కడున్నది ఇద్దరే కదా. వచ్చీరాని ఇంగ్లీషులోనైనా మాట్లాడుకోక ఎక్కడికి పోతారు?

మడివాళ బ్యాచిలర్:
అసలు మనవాళ్లంటే ఎవరండీ? బెంగళూరులో మా పీజీ నిండా తెలుగువాళ్లే. చేరిన రోజు 'ఓ, తెలుగా!' అని భుజం తట్టారు. తర్వాత ఏ జిల్లా అన్నారు. వారం తిరక్కుండానే ఇంటిపేరు అడిగి, చుట్టాల ఆరా తీసి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చేసుకున్నారు. తిరునెల్వేలి కుర్రాడికి మీ ఇంటిపేరుతో పనేముంది?

భాష కలిస్తే నిద్రలు కూడా కలుస్తాయని ఎవరన్నారు? నా రూమ్మేట్ ఇయర్‌ఫోన్స్ లేకుండా అర్ధరాత్రి దాకా రీల్స్ చూసేవాడు. సౌండ్ తగ్గించమంటే 'మనలో మనకేంటి బావా' అనేవాడు. వేరేవాడైతే కనీసం మొహమాటపడేవాడు.

ఒంగోలు అన్న:
తమ్ముడికి ఫోన్ చేశా. వీడి బకెట్ పగిలితే ఆ అబ్బాయి లోకల్ ట్రైన్‌లో తాంబరం తీసుకెళ్లి కొత్తది కొనిపించాడట, బేరమూ అతనే ఆడాడట. రూమ్ మార్పించనా అంటే 'సెమిస్టర్ అయ్యాక చూద్దాంలే' అన్నాడు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి చూసొస్తా. ఇంకో చిక్కు: ఆ అబ్బాయి శాకాహారి అట, అమ్మేమో రొయ్యల పచ్చడి పెట్టేసింది.

నెల్లూరు కారం:
నా మాట మీద నేనున్నా. ఆ పచ్చడి మాత్రం పై అంతస్తు తెలుగు రూములో పెట్టించండి, వీడు అక్కడికెళ్లి తినొస్తాడు. కిందికి కందిపొడి పట్టుకెళ్లండి.