డెడ్ బ్యాటరీకి జంపర్ కేబుల్స్: ఆఖరి నల్ల క్లిప్పు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
రాత్రి డిక్కీ సరిగ్గా పడలేదనుకుంటా, లోపల లైటు తెల్లార్లూ వెలుగుతూనే ఉంది. పొద్దున్న కీ తిప్పితే టకటకటక అంటోంది తప్ప ఇంజిన్ తిరగట్లేదు. పక్కింటాయన తన కారు బ్యాటరీ నుంచి పవర్ ఇస్తానన్నారు, కేబుల్స్ కూడా ఉన్నాయ్. ఎర్రది ఎర్రదానికి నల్లది నల్లదానికి, అంతేగా అంటున్నారాయన, కానీ ఆఖరి క్లిప్పు బ్యాటరీకి పెట్టకూడదని ఎక్కడో విన్నా. నిజమేనా, ఎందుకని?

జవాబు 1:
నిజమేనండి. ఆఖరి క్లిప్పు పెట్టేటప్పుడు చిటుక్కున నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉంటే అంటుకుంటుంది, బ్యాటరీ పగిలి యాసిడ్ మొహం మీదకొస్తుంది. అందుకే దాన్ని దూరంగా పెట్టమంటారు. ముందు రెండు బండ్లూ ఆఫ్ చేసి, ఒకదానికొకటి తగలకుండా ఆపండి. ఎర్రది మీ బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస ఆయన ప్లస్‌కి, నల్లది ఆయన మైనస్‌కి, ఇక మిగిలిన నల్ల క్లిప్పు మీ ఇంజిన్ మీద పెయింట్ లేని బోల్టుకో ఇనుప బ్రాకెట్‌కో. ఆయన బండి స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు ఆగి అప్పుడు మీది తిప్పండి. తీసేటప్పుడు రివర్స్‌లో, ఇంజిన్ మీద నల్లది ముందు. క్లిప్పులు ఒకదానికొకటి తగలనివ్వకండి.

జవాబు 2:
అసలు ముందు బ్యాటరీ చూడండి బ్రో. ఉబ్బినా, పగిలినా, కారుతున్నా జంప్ జోలికే వెళ్లొద్దు. ఇంకోటి, టెర్మినల్ మీద తెల్లగా పొడి పట్టిందా? నేనోసారి అరగంట కేబుల్స్‌తో కుస్తీ పట్టి, చివరికి చూస్తే క్లాంప్ లూజు, చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది 🤦 బిగించగానే స్టార్ట్ అయింది. ఆయనది హైబ్రిడ్ అయితే మాన్యువల్ చూడకుండా పెట్టొద్దు, 24 వోల్టుల లారీ అయితే అసలే వద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి, రెండోసారికి అందుకుంది!! పక్కింటాయన ఆ నల్లది బ్యాటరీకే పెట్టబోతే ఆపా. ఇప్పుడు ఇంటి ముందే ఆన్‌లో పెట్టి ఉంచా, సరిపోతుందా?

జవాబు 1:
ఐడ్లింగ్‌లో చార్జ్ మెల్లగా ఎక్కుతుందండి, అరగంటైనా రోడ్డు మీద తిప్పండి, ఏసీ ఆపేసి. మల్టీమీటర్ ఉంటే ఇంజిన్ ఆన్‌లో ఉండగా టెర్మినల్స్ మీద పెట్టి చూడండి, సుమారుగా 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపించాలి. 12 చిల్లర దగ్గరే ఆగిపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద అనుమానం, దారిలో మాత్రం ఇంజిన్ ఆపకండి.