తెలుగు ప్రూఫులు దిద్దడానికి 4కె మానిటర్: 27 అంగుళాలా, 32 అంగుళాలా?

ప్రశ్న: అచ్చుపని, విజయవాడ

అందరికీ నమస్కారం. విజయవాడలో 23 ఏళ్లుగా తెలుగు పుస్తకాలకు పేజీలు కూర్చడం, ప్రూఫులు దిద్దడం నా వృత్తి. ఇప్పుడు నాకు 49 ఏళ్లు. చత్వారం వచ్చి ఆరేళ్లయింది. ప్రస్తుతం వాడుతున్నది 24 అంగుళాల, 1920×1080 పిక్సెళ్ల మానిటర్. పేజీలు కూర్చినంతసేపూ దానితో ఇబ్బంది లేదు కానీ, ప్రూఫును తెరమీద చదివేటప్పుడు ‘అర్థం’ అన్న మాటలో థ నడుమ చుక్క ఉందో లేదో, ‘శ్రద్ధ’లో కింద ఉన్నది ధ-వత్తో ద-వత్తో తేల్చుకోవడానికి ప్రతిసారీ పేజీని పెద్దది చేసి చూడవలసి వస్తోంది. పోయిన నెలలో ఒక కథా సంపుటిలో నాలుగు చోట్ల ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అయి అచ్చయిపోయింది. రచయిత ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకోవాలంటే మనసొప్పడం లేదు.

అందుకని 4కె (3840×2160 పిక్సెళ్ల) మానిటర్ కొనాలనుకుంటున్నాను. 30,000 రూపాయల వరకు పెట్టగలను. నా కంప్యూటరులో ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, విండోస్ 10 ఉన్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వెనుక ఒక హెచ్‌డీఎంఐ పోర్టు, ఒక డిస్‌ప్లేపోర్టు కనిపిస్తున్నాయి. పాత ప్రచురణకర్తల పని ఇప్పటికీ పేజ్‌మేకర్ 7లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే సాగుతుంది. కొత్తవారి పని ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తో చేస్తాను. ఈ కంప్యూటరు 4కె తెరను నడపగలదా? 27 అంగుళాలు మేలా, 32 అంగుళాలు మేలా? కేబుల్ గురించి దుకాణంలో అడిగితే ఏదైనా ఒకటేనన్నారు కానీ నాకు నమ్మకం కుదరలేదు. నేను కూర్చునే చోట కుడిచేతి వైపు కిటికీ ఉంది. బల్ల లోతు రెండు అడుగులు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: తీగలూ తెరలూ, కాకినాడ

మీకు నమ్మకం కుదరకపోవడం సరైనదేనండీ. ముందుగా కేబుల్ సంగతే చెబుతాను. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ 4కె తెరను నడపగలవు; కానీ ఆ తరం మదర్‌బోర్డులలో హెచ్‌డీఎంఐ పోర్టు చాలావరకు 1.4 రకానిదే. దాని గుండా 3840×2160 పిక్సెళ్ల బొమ్మ సెకనుకు 30 సార్లు మాత్రమే మారుతుంది. అంటే మౌస్ బాణం తెరమీద కుంటుతూ కదులుతుంది, పేజీని జరిపినప్పుడు అక్షరాలు చెదురుతాయి, రోజంతా చదివేవారికి అది తలనొప్పి తెచ్చిపెడుతుంది. మీ డిస్‌ప్లేపోర్టు 1.2 రకానిది కాబట్టి అదే బొమ్మను సెకనుకు 60 సార్లు ఇస్తుంది. మధ్యలో అడాప్టర్లేవీ పెట్టకుండా, రెండు చివరలా డిస్‌ప్లేపోర్టు ఉన్న కేబుల్‌నే వాడండి. మానిటర్ పెట్టెలో ఒక్కోసారి హెచ్‌డీఎంఐ కేబుల్ మాత్రమే వస్తుంది కనుక కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. బిగించాక విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి రిఫ్రెష్ రేటు 60 హెర్ట్జ్ అని ఉందో లేదో తప్పకుండా చూడండి.

ఇక సైజు. మీ 24 అంగుళాల తెరలో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్లున్నాయి. 27 అంగుళాల 4కెలో 163, 32 అంగుళాల రకంలో (అసలు కొలత 31.5) 140 ఉంటాయి. స్కేలింగ్ (తెరమీద అక్షరాలను, మెనూలను ఎంత పెంచి చూపాలో విండోస్‌కు చెప్పే అమరిక) 100 శాతం దగ్గర 12 పాయింట్ల అక్షరాన్ని విండోస్ 16 పిక్సెళ్ల ఎత్తులో గీస్తుంది. మీ పాత తెరమీద ఆ ఎత్తు 4.4 మిల్లీమీటర్లు. కొత్త తెరమీద కూడా కంటికి అంతే ఎత్తు కనిపించాలంటే 27 అంగుళాలలో 175 శాతం స్కేలింగ్ పెట్టాలి, 32 అంగుళాలలో 150 శాతం చాలు. మొదటి దానిలో అదే అక్షరానికి 28 పిక్సెళ్లు, రెండో దానిలో 24 పిక్సెళ్లు దొరుకుతాయి. అంటే స్ఫుటత్వం 27లో ఎక్కువ, పనికి దొరికే చోటు 32లో ఎక్కువ. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు: అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని తెర రిజల్యూషన్‌నే 1920×1080కి తగ్గించేవారు చాలామంది ఉన్నారు. అలా చేస్తే కొన్న పిక్సెళ్లన్నీ వృథా అవుతాయి. రిజల్యూషన్‌ను 3840×2160 దగ్గరే ఉంచి, స్కేలింగ్‌ను మాత్రమే మార్చాలి.

జవాబు: పాతపేజీ, హైదరాబాద్

పైవారి లెక్కలతో నాకు విభేదం లేదు కానీ, మీరు పేజ్‌మేకర్ పేరెత్తారు కాబట్టి 4కె కొనే ముందు ఒకసారి ఆగి ఆలోచించమంటాను. పేజ్‌మేకర్ 7 విడుదలైంది 2001లో. అప్పటికి ఇంత దట్టమైన తెరలు ఇళ్లలోకి రాలేదు కాబట్టి, స్కేలింగ్ అనే మాట ఆ ప్రోగ్రాముకు తెలియదు. 175 శాతం పెట్టినప్పుడు విండోస్ ఆ ప్రోగ్రాము గీసిన బొమ్మనే తీసుకుని సాగదీస్తుంది; తెర ఎంత మంచిదైనా అక్షరాలు మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉంటాయి. నేను అదే కారణంతో 27 అంగుళాల, 2560×1440 పిక్సెళ్ల మానిటర్‌కు వెళ్లాను. దానిలో అంగుళానికి 109 పిక్సెళ్లు. స్కేలింగ్ 100 శాతం దగ్గరే ఉంచుతాను కనుక పాత ప్రోగ్రాములన్నీ సూటిగా, శుభ్రంగా కనిపిస్తాయి. డెమ్మీ సైజు పుస్తకంలో ఎదురెదురు పేజీలు రెండూ పక్కపక్కన సుఖంగా పడతాయి. ధర కూడా తగ్గుతుంది.

ఒకవేళ 4కెనే తీసుకుంటే, పేజ్‌మేకర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్‌కు వెళ్లండి. అక్కడ ‘ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ అని ఉంటుంది. దానిలో ‘అప్లికేషన్’ ఎంచుకుంటే విండోస్ సాగదీయడం మానేస్తుంది. మెనూలు, పనిముట్ల పెట్టె చాలా చిన్నవైపోతాయి కానీ పేజీని 200 శాతానికి పెంచుకుంటే అక్షరాలు స్పష్టంగా ఉంటాయి. షార్ట్‌కట్‌లు వేళ్ల చివర ఉన్న మనలాంటివారికి మెనూలతో పెద్దగా పనుండదు. 2017లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ అని ఇంకొకటి కూడా ఉంది. అది కొన్ని పాత ప్రోగ్రాములలో అక్షరాలను పెద్దవి చేస్తూనే పదునుగా ఉంచుతుంది. రెండూ వేసి చూసి, నచ్చినదాన్ని ఉంచుకోండి.

జవాబు: గుణింతం, బెంగళూరు

తెలుగు ఫాంట్ల తయారీలో పనిచేసేవాడిగా నా అభిప్రాయం వేరు. ప్రూఫు దిద్దేవారు 1440 దగ్గర ఆగిపోకూడదని గట్టిగా చెబుతాను. కారణం మన లిపి స్వభావంలోనే ఉంది.

ఇంగ్లీషు అక్షరాలలో తేడాలు ఎక్కువగా నిలువు గీతల వల్ల, అంటే అడ్డం దిశలో ఏర్పడతాయి. క్లియర్‌టైప్ అనే విండోస్ పద్ధతి ఒక్కో పిక్సెల్‌లో పక్కపక్కన ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలను విడివిడిగా వాడుకుని, సరిగ్గా ఆ అడ్డం దిశలోనే స్ఫుటత్వాన్ని పెంచుతుంది. తెలుగులో సమాచారమంతా నిలువుగా పేరుకుని ఉంటుంది: పైన తలకట్టో గుడో, నడుమ అక్షరం, కింద వత్తు, ‘రాష్ట్రం’ లాంటి మాటలో అయితే ఒక వత్తు తర్వాత మరో వత్తు. ఆ దిశలో క్లియర్‌టైప్ మనకు చేసే సాయం ఏమీ లేదు; జీడీఐ అనే పాత విండోస్ పద్ధతిలో అక్షరాలను గీసే ప్రోగ్రాములలోనైతే నిలువు దిశలో అంచులను నునుపు చేయడం కూడా ఉండదు. 16 పిక్సెళ్ల ఎత్తులో తలకట్టు, అక్షరం, వత్తు అన్నీ సర్దుకోవలసి వచ్చినప్పుడు ధ-వత్తులోని ఆ చిన్న గీతకు దక్కేది ఒక్క పిక్సెల్. ఒక్కోసారి అది కూడా దక్కదు. ద, ధ, డ, ఢ, ప, ఫ, బ, భ: ఈ జంటలన్నిటికీ ఇదే అవస్థ. థ నడుమ చుక్క సంగతి మీరే చెప్పారు. కాబట్టి మీ కథా సంపుటిలో జరిగినదానికి మీ కళ్లను గానీ శ్రద్ధను గానీ తప్పు పట్టుకోవలసిన పని లేదు. ఆ చుక్క ఆ తెరమీద సరిగా లేనేలేదు.

12 పాయింట్ల అక్షరానికి 28 పిక్సెళ్ల ఎత్తు దొరికినప్పుడు ఆ గీతకు, ఆ చుక్కకు రెండు మూడు పిక్సెళ్లు వస్తాయి. చదివే కన్ను వెతుక్కోకుండా పట్టుకోగలిగే తేడా అది. పేజ్‌మేకర్ సమస్యకు నా సూచన ఏమిటంటే, మీ పాత 24 అంగుళాల మానిటర్‌ను తీసేయకండి. దాన్ని 100 శాతం స్కేలింగ్‌తో పక్కనే ఉంచి పేజ్‌మేకర్‌ను అక్కడే నడపండి. 100 శాతం తెరమీద విండోస్ పాత ప్రోగ్రాములను సాగదీయదు. ప్రూఫు మాత్రం పీడీఎఫ్‌గా తీసి కొత్త తెరమీద చదవండి. అక్రోబాట్ వాడేట్టయితే, ప్రిఫరెన్సెస్‌లో పేజ్ డిస్‌ప్లే కింద కస్టమ్ రిజల్యూషన్ దగ్గర 163 అని వేస్తే 100 శాతం దగ్గర పేజీ అచ్చులో ఉండే కొలతకే కనిపిస్తుంది. స్కేలు పెట్టి కొలిచి చూసుకోవచ్చు.

జవాబు: కంటి వెలుతురు, గుంటూరు

నేను ఆప్టోమెట్రిస్టును. మానిటర్ల రకాల జోలికి పోను కానీ, బల్ల లోతు రెండు అడుగులేనని చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. 32 అంగుళాల తెర వెడల్పు దాదాపు 70 సెంటీమీటర్లు. అంత వెడల్పు తెరను రెండడుగుల బల్ల మీద, స్టాండు పోను మిగిలిన దూరంలో పెట్టుకుంటే ఒక్కో వరుసకూ మెడ తిప్పవలసి వస్తుంది. కంటికీ తెరకూ మధ్య 60 నుంచి 70 సెంటీమీటర్ల దూరం ఉండేట్టు చూసుకోండి. మీ బల్లకు 27 అంగుళాలే తగినవి.

మీరు ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడుతున్నారేమో చెప్పలేదు. వాటిలో దగ్గరి చూపు భాగం కింద ఉంటుంది కాబట్టి, తెర ఎత్తుగా ఉంటే తెలియకుండానే గడ్డం పైకెత్తి చదువుతారు. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. తెర పై అంచు కంటి మట్టానికి కొంత దిగువన ఉండాలి. రోజుకు ఏడెనిమిది గంటలు ఇదే పని అయితే, తెర దూరాన్ని టేపుతో కొలుచుకుని వెళ్లి, ఆ దూరానికే ప్రత్యేకంగా ఒక జత చేయించుకోవడం అన్నిటికన్నా మేలు. కొత్త మానిటర్‌కు పెట్టే ఖర్చుతో పోలిస్తే అది చిన్నది, ఫలితం మాత్రం పెద్దది.

కిటికీ పక్కనే ఉండటం మంచిదే, ఎదురుగానో వెనుకనో ఉంటే కష్టం. మెరుపు లేని మ్యాట్ తెర తీసుకోండి. కొత్త మానిటర్లు దుకాణంలో మిరుమిట్లు గొలిపే వెలుగుతో వస్తాయి. ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెరలోని తెల్లదనం ఆ కాగితంతో సమానంగా అనిపించే వరకు వెలుగు తగ్గించండి. పగలు ఒకసారి, దీపాలు వేశాక మరోసారి ఇలా చేసి రెండు అంకెలూ రాసి పెట్టుకోండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు: అచ్చుపని, విజయవాడ

మూడు వారాలు గడిచాయి కనుక ఏం జరిగిందో తెలియజేయడం నా బాధ్యత. 27 అంగుళాల, ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం తెర) ఉన్న 4కె మానిటర్ తీసుకున్నాను. అనుకున్న డబ్బులోనే వచ్చింది. పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబులే ఉంది. తొందరలో దానితోనే కలిపితే కాకినాడ వారు చెప్పినట్టే మౌస్ కుంటింది, సెట్టింగ్స్‌లో 30 హెర్ట్జ్ అని కనిపించింది. మర్నాడు డిస్‌ప్లేపోర్టు కేబుల్ తెచ్చి మార్చాక 60 వచ్చింది. మొదటి రోజే తెరను నిండుగా తెలుపు, నలుపు, ఎరుపు రంగులతో నింపి చచ్చిన పిక్సెళ్లేమైనా ఉన్నాయేమోనని వెతికాను, ఒక్కటీ లేదు.

మొదట అక్షరాల చుట్టూ సన్నటి తెల్ల గీత కనిపించి కలవరపడ్డాను. మానిటర్ సొంత మెనూలో షార్ప్‌నెస్ ఎక్కువగా పెట్టి ఉండటమే దానికి కారణం. తగ్గించగానే పోయింది. ఈ సంగతి ఎవరూ రాయలేదు కనుక చెబుతున్నాను.

స్కేలింగ్ 175 శాతం. పేజ్‌మేకర్ పాత తెరమీదే ఉంది, హైదరాబాద్ వారు చెప్పిన ‘అప్లికేషన్’ పద్ధతి నాకు కుదరలేదు. పనిముట్ల పెట్టె చత్వారపు కంటికి మరీ చిన్నదైపోయింది. ప్రూఫులన్నీ పీడీఎఫ్‌లో, కొత్త తెరమీద, 163 వేసుకుని అచ్చు కొలతకే చదువుతున్నాను. డెమ్మీ పేజీని స్కేలుతో కొలిస్తే సరిగ్గా అయిదున్నర అంగుళాల వెడల్పు వచ్చింది. తెర దూరానికి కళ్లద్దాలు కూడా చేయించుకున్నాను.

ఆ కథా సంపుటి పీడీఎఫ్‌ను మొన్న ఆదివారం మళ్లీ తెరిచి, పేజీని పెంచకుండా మొదటి నుంచి చదివాను. నాలుగు కాదు, ‘అర్ధం’ అని పడినవి ఆరు చోట్ల ఉన్నాయి. రచయితకు ఫోన్ చేసి చెప్పాను; రెండో ముద్రణకు దిద్దిన పేజీలు పంపుతున్నాను.