పాటిగడ్డ పక్క చేనులో నాణేలు దొరికాయి, మెటల్ డిటెక్టర్‌తో ఇంకా వెతకొచ్చా?

చేనుగట్టు:
అందరికీ నమస్తే. మాది జగిత్యాల వైపు ఒక పల్లె, పేరు చెప్పను, చెబితే రేపు పొద్దున్నే నాలుగు కార్లు దిగుతాయి. పోయిన దీపావళి ఆఫర్లలో పద్నాలుగు వేలు పెట్టి ఒక డిటెక్టర్ కొన్నాను. వీడియోలు చూసి చూసి పట్టిన పిచ్చి, దాచేదేముంది. మొదటి నెల గుట్కా ప్యాకెట్లు, సీసా మూతలు, ఒక విరిగిన కర్రు. తర్వాత 1944 చిల్లు కాణీ ఒకటి, నిజాం కాలం రాగి పైస ఒకటి దొరికితే ఇంట్లో అందరికీ చూపించాను, బాపు కూడా నవ్వాడు.

అసలు సంగతి ఇప్పుడు. మా చేను పక్కనే పాటిగడ్డ, అంటే పాత ఊరి దిబ్బ, ఉంది. గట్టు దగ్గర జానెడు లోతులో ఐదు చిన్న నాణేలు వచ్చాయి. బూడిద రంగు, చూడటానికి చిన్నవే కానీ చేతిలో పెడితే బరువు, ఒకదాని మీద ఏనుగులా ఉంది. అప్పటినుంచి బాపు నవ్వడం మానేశాడు, గుప్తనిధుల కేసులో లోపలేస్తారని ఒకటే టెన్షన్. నా ప్రశ్నలు: పాటిగడ్డ మీద వెతకొచ్చా? బడి గ్రౌండ్‌లో? నాణేలు చింతపండుతో తోమితే బొమ్మ తేటగా కనిపిస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా?

నాణేల పిచ్చోడు:
తమ్ముడూ, ముందు ఆ చింతపండు పక్కన పెట్టు. నువ్వు చెప్పినదాన్ని బట్టి అవి సీసం నాణేలు. సీసానికి పులుపు తగిలితే బొమ్మ తేటపడటం కాదు, ఉన్న బొమ్మ పోతుంది. నిమ్మకాయ, వెనిగర్, బ్రష్షు, ఏదీ వద్దు. మెత్తటి పొడి బట్టతో వదులు మట్టి రాల్చి, ఒక్కోదాన్ని విడిగా కాగితంలో చుట్టు. పైన తెల్లటి పొడి ఉంటే గోకకు, అది సీసం తుప్పు, విషం. చేతులు సబ్బుతో కడుక్కో, పిల్లలకు ఇవ్వకు.

శాతవాహనులు, తర్వాత ఇక్ష్వాకులు సీసం నాణేలు బాగా వేశారు. ఫోటో చూడకుండా నీవి ఎవరివో చెప్పను. కానీ మీ జిల్లాలోనే కోటిలింగాల ఉంది, శాతవాహన వంశ మూలపురుషుడు చిముకుడి నాణేలు, ఆయన కంటే ముందటి గోబద, నారన, కంవాయస, సమగోపల నాణేలు వెలుగులోకి వచ్చింది అక్కడే. గోదావరి ఒడ్డున పైకి తేలినవి ఏరి తెచ్చినవాళ్ళుంటే, పరబ్రహ్మశాస్త్రి గారిలాంటి పండితులు చదివిపెట్టారు. తెలంగాణ చరిత్ర నాణేలతోనే వెనక్కి జరిగింది అనడానికి అదే సాక్ష్యం. కాబట్టి నీ ఐదూ చిన్నవని తీసిపారేయకు.

ఒక్క మాట అడుగుతా, మీ చేనుకు ఎప్పుడైనా పాటిమట్టి తోలారా?

చేనుగట్టు:
తోలారు అన్నా. తాత కాలంలో బండ్లకొద్దీ తోలేవాళ్ళట, ఎరువుకంటే మంచిదని. ఆ మాట మీకెలా తెలిసింది?

నాణేల పిచ్చోడు:
పాటిగడ్డ అంటేనే పాత ఊరి దిబ్బ కదా, బూడిద, పేడ, ఎముకలు కలిసిన మట్టి, అందుకే రైతులకు బంగారం. దాంతోపాటు కుండపెంకులు, పూసలు, నాణేలు కూడా చేలల్లోకి వచ్చేస్తాయి. అంటే నీ ఐదు నాణేలు అక్కడ పూడ్చినవి కాకపోవచ్చు, బండి మీద వచ్చినవి కావచ్చు. కానీ గడ్డ మీద తవ్వితే లెక్క వేరు. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తు శాఖ వాళ్ళకు ఒక కుండలో 3,730 సీసం నాణేలు దొరికాయి, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు (ప్లస్ ఆకారం, నాలుగు కొసలకూ గుండ్రాలు). కుండ ఏ పొరలో ఉంది, మూతి ఎలా మూశారు, పక్కన ఏమున్నాయి, అన్నీ రాసుకుంటూ తీశారు కాబట్టే అవి ఇక్ష్వాకుల కాలానివని చెప్పగలిగారు. అదే కుండ రాత్రిపూట ఎవడో గునపంతో పొడిచి లాగి ఉంటే? 3,730 సీసం బిళ్ళలు, అంతే. నీ డిటెక్టర్‌కు కుయ్ మనడం తెలుసు గానీ పొరలు తెలియవు.

రిటైర్డ్ రెవెన్యూ:
బాబూ, మీ నాన్నగారి భయంలో సగమే నిజం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే (అవును, పదే, ఆ అంకె నాటిది) దొరికినవాడు వీలైనంత త్వరగా కలెక్టర్‌కు రాసి ఇవ్వాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, పైగా నీకు రావలసిన వాటా పోతుంది. చెబితే విచారణ జరుగుతుంది, సొంతదారు ఎవరూ తేలకపోతే, ముందుగా ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పాతిక, భూమి యజమానికి పాతిక. ప్రభుత్వం తానే ఉంచుకోదలిస్తే ఆ లోహం విలువ, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తుంది. మీవి సీసం కాబట్టి టీ ఖర్చులు కూడా రావు, ముందే చెబుతున్నా.

ఇక పాటిగడ్డ. అది రక్షిత ప్రదేశమైతే అడుగు కూడా పెట్టకు. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. రక్షితం కాకపోయినా అది ప్రభుత్వ భూమో పట్టా భూమో తేల్చుకోకుండా తవ్వితే గొడవే. గుడి దగ్గర, కోట దగ్గర రాత్రిపూట డిటెక్టర్‌తో కనిపించావంటే నువ్వు నాణేల పరిశోధకుడివని ఎవరూ నమ్మరు, లంకెబిందెల బ్యాచ్ కిందే కడతారు. ఇంకోటి, వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు. నీ 1944 కాణీకి ఆ బాధ లేదు.

తుగ్గలి వాన:
ఇంత రాద్ధాంతమా! మా కర్నూలు వైపు తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో సద్దిమూటలతో సహా జనం వజ్రాలకు దిగుతారు, చుట్టుపక్కల జిల్లాల నుంచీ వస్తారు. ఎవరు దరఖాస్తు పెట్టారు? దొరికినోడి అదృష్టం. మీ డిటెక్టర్ వజ్రాన్ని పట్టదు గానీ, పడితే ఇటు రా అన్నా.

లీడ్స్ తెలుగోడు:
నేను ఇంగ్లండ్‌లో ఆరేళ్ళుగా ఈ పనే చేస్తున్నా, ఆదివారం ఆదివారం. ఇక్కడ ఇది మామూలు హాబీ, కానీ రైతు దగ్గర అనుమతి లేకుండా ఎవరూ చేలో దిగరు. 1996 చట్టం ప్రకారం మూడు వందల ఏళ్ళు దాటిన బంగారు, వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికితే అది ట్రెజర్, పద్నాలుగు రోజుల్లో చెప్పాలి. రాగి, కంచు అయితే పది దొరకాలి. దాని కిందికి రానివి కూడా, దొరికినవి నమోదు చేసే మా జిల్లా అధికారికి చూపిస్తే బరువు, ఫోటో, దొరికిన చోటు రాసుకుని మనకే తిరిగి ఇచ్చేస్తారు. నా దగ్గర ఒక రోమన్ కంచు నాణెం అలా నమోదైంది, అరిగిపోయి రాజు ముక్కు తప్ప ఏమీ కనిపించదు, అయినా దానికో నంబరుంది. మన దగ్గర ఇలా నమోదు చేసే మధ్య మెట్టు లేకపోవడమే కష్టం, దొరికితే అయితే కలెక్టరు, కాకపోతే బీరువా.

టెక్నిక్ విషయం: నల్లరేగడిలో ఖనిజాలు ఎక్కువ, మిషన్ ఊరికే కూస్తుంది, ప్రతి చేనుకూ గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలను మిషన్ పట్టించుకోకుండా చేసే సెట్టింగ్) మళ్ళీ పెట్టుకో. గుట్కా ప్యాకెట్లు తప్పించాలని చిన్న సిగ్నళ్ళన్నీ మూసేస్తే పల్చటి నాణేలు కూడా పోతాయి. బడి గ్రౌండ్ కంటే పాత సంత జరిగిన చోటు మేలు, పంచాయతీని అడిగి, పగటిపూట, తీసిన గుంత పూడుస్తూ.

చేనుగట్టు:
మూడు వారాల తర్వాత వస్తున్నా, సారీ. బాపుతో కలిసి కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. మొదటి బల్ల దగ్గర ఆయన నాణెం తిప్పి చూసి, సీసమేగా, తీసుకుపో అన్నాడు. రెండో బల్ల ఇంకో గది చూపించింది. చివరికి ఒక పెద్దావిడ చదివి, ఐదింటినీ తూకం వేయించి, రసీదు రాసిచ్చింది. ఇంటికొచ్చాక అమ్మ పప్పు డబ్బా మూతలోంచి ఆరోది తీసింది, బాగుందని దాచుకుందట. మళ్ళీ వెళ్ళాం. ఆవిడ ఏమీ అనలేదు, ఐదు కొట్టేసి ఆరు అని దిద్దింది.

పాటిగడ్డ జోలికి వెళ్ళలేదు. డిటెక్టర్ అటక మీద పెట్టాను గానీ, మొన్న పక్కింటి అత్త చెవి కమ్మ గడ్డివాము దగ్గర పడిపోయిందంటే దించాను, పావుగంటలో దొరికింది. ఇప్పుడు ఊళ్ళో ఎవరిది ఏం పోయినా నాకే ఫోను.