ఈ వారం సమస్య: కిటికీ లేనట్టి యిల్లె క్షేమమొసంగున్

నిర్వాహకుడు:
ఈసారి ఇచ్చింది కందంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

కిటికీ లేనట్టి యిల్లె క్షేమమొసంగున్

ట ప్రాస. మొదటి అక్షరం లఘువు. యతి కి–క్షే, అందులో ఇబ్బందేమీ లేదు. ఇంగ్లీషు మాటలు వాడుకోవచ్చు, గణానికి ఒదిగితే చాలు. షరతు మాత్రం ఒకటుంది: పద్యంలో మీ సొంతూరు ఉండాలి.

ఎందుకంటే, మొన్న కబ్బన్ పార్కులో కూర్చున్నప్పుడు జరిగింది గుర్తుందిగా. విండోస్‌కి బదులు వాడుకునే లైనక్స్‌లో ఒక రకం డెబియన్; దాన్ని తయారుచేసేవాళ్ళ సభ డెబ్‌కాన్ఫ్ 2000లో ఫ్రాన్సులోని బోర్డోలో మొదలై దేశాలు తిరుగుతోంది. మన దేశానికి 2023లో వచ్చింది, కొచ్చికి. దాన్ని ఏ కంపెనీవాళ్ళో పెళ్ళిపత్రిక వేసి పిలవరు. ఏదో ఒక ఊరివాళ్ళు పూనుకుని "మా ఊరికి రండి, ఇక్కడ పడుకోవచ్చు, ఇది తినొచ్చు, నెట్ ఇంత వస్తుంది, ఇంత ఖర్చవుతుంది" అని వివరంగా రాసి పెట్టుకోవాలి. అలాంటిది మనమూ ఒకటి రాద్దామనుకున్నాం. బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్న ఆరుగురం ఆరు ఊళ్ళు చెప్పి, వేరుసెనక్కాయల పొట్లం ఖాళీ అయ్యేదాకా పోట్లాడుకుని లేచి వచ్చాం. ఆ పోట్లాట ఇక్కడ పద్యాల్లో కానివ్వండి.

పెన్నగట్టు:
ముందు నేనే. మా ఊరు హిందూపురం.

అటు బెంగుళూరు నిటు మన
పటువగు లేపాక్షి నడుమ పచ్చని పురమే
దిటవగు లైనక్సు గలదు
కిటికీ లేనట్టి యిల్లె క్షేమమొసంగున్

కిటికీ అంటే విండోస్ అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. విండోస్ లేని ఇల్లు, వైరస్ భయం లేని ఇల్లు.

విశ్రాంత పంతులు:
బాబూ, గణాలు నిక్షేపంగా ఉన్నాయి. మొదటి పాదం స, జ, నల; రెండో పాదంలో మూడోది, అంటే మొదటినుంచి లెక్కిస్తే ఆరో గణం, "క్షినడుమ" నలం. యతి ప–ప. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. శ్లేష కూడా బాగుంది, కాకపోతే అది ఎవరికైనా మొదట తట్టేదే. ఇవాళ సాయంత్రానికి ఇంకో నలుగురు అదే రాస్తారు చూడు.

నాకు పట్టింపు అంతా "పచ్చని" దగ్గర. నేను ఆ వైపు పదకొండేళ్ళు బడిలో పనిచేశాను. హిందూపురాన్ని చింతపండు మార్కెట్ అను, బెల్లం మండీ అను, ఒప్పుకుంటాను. పచ్చన అంటే ఎలా? యతి కోసం పచ్చరంగు పూశావు.

సిల్క్‌బోర్డు బాధితుడు:
నాదీ ఒక వంక. కారులో కోడికొండ చెక్‌పోస్టు దగ్గర మళ్ళితే ముందు లేపాక్షి వస్తుంది, ఆ తర్వాత హిందూపురం. మరి "నడుమ" ఎట్లా అవుతుంది?

పెన్నగట్టు:
రైల్లో రా అన్నా. దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు, హిందూపురం. అప్పుడు మా ఊరే ముందు. పద్యం రైలు మార్గంలో రాశాను.

పంతులుగారూ, పచ్చదనం గురించి ఆలోచిస్తాను.

గోదారిగాలి:
హిందూపురం వాళ్ళు నీళ్ళ సంగతి ఎత్తకుండా రాశారు, పాపం. ఇదిగో రాజమండ్రి.

తటిని గల రాజమండ్రికి
ఇటు రండు పులస రుచికయి యీ వానలలో
ఎటు చూచిన నది గాలియె
కిటికీ లేనట్టి యిల్లె క్షేమమొసంగున్

నాకు శ్లేష అక్కర్లేదు. మా అమ్మమ్మ వాళ్ళ ఇంటి అరుగుకి గోడలే లేవు, ఇక కిటికీ ఎక్కడిది? అక్కడ పడుకుంటే ఏసీ ఎందుకు? నిజంగానే కిటికీ లేని చోటు.

విశ్రాంత పంతులు:
ఇది నాకు ఎక్కువ నచ్చింది. సమస్యను మాటల గారడీతో కాకుండా మామూలు అర్థంలోనే విడగొట్టావు. "ఎటు చూచిన నది గాలియె" అన్న పాదం సమస్య దగ్గరికి చక్కగా తీసుకొచ్చి దించింది.

"రాజమండ్రికి ఇటు" మాత్రం విసంధి, సంధి చేయకుండా వదిలేశావు. కి ద్రుతాంతం, అంటే చివర న్ ఉన్నది, కాబట్టి "రాజమండ్రికి / నిటు రండు" అను. యతి చెడదు, ఇకారానికి ఈకారం స్వరయతి అలాగే ఉంటుంది.

నెల్లూరమ్మాయి:
పులస దొరికేది వరద నీళ్ళలో. వరదలో అరుగు మీద పడుకోబెడతారా అతిథుల్ని? 1986 ఆగస్టు వరద గురించి మా మామయ్య ఇప్పటికీ కథలుగా చెబుతాడు.

గోదారిగాలి:
అప్పుడు మేడ మీద పడుకోబెడతాం అక్కా.

సిల్క్‌బోర్డు బాధితుడు:
ఇంకోటి. ఆ సభకు వచ్చేవాళ్ళలో మాంసం ముట్టనివాళ్ళు, పాలు కూడా ముట్టనివాళ్ళు బోలెడుమంది ఉంటారు. భోజనం పేజీలో మొదటి వరుసలోనే పులస అని రాస్తే ఊరు అక్కడే ఓడిపోతుంది. దాని ధర సంగతి సరేసరి, పుస్తెలమ్మైనా తినమన్నారు గాని సభ నిధులమ్మి తినమన్లేదు.

ఏడుకొండలు:
నేను పద్యం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించాలి. ఊరు తిరుపతి.

చిటికెలు వేయగ తిరుపతి
పటుతరముగ రైలు బస్సు ప్లేను కలదులే
పుటలోనె గదిని గొనుడిక
కిటికీ లేనట్టి యిల్లె క్షేమమొసంగున్

కిటికీ అంటే కౌంటర్ కిటికీ. పుట అంటే వెబ్ పేజీ. లైన్లో నిలబడకుండా గది దొరికే ఊరు అని భావం.

విశ్రాంత పంతులు:
మొదటిసారి అంటే నమ్మకం కలగడం లేదు నాయనా. కౌంటర్ కిటికీ ఊహ ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన వాటిల్లో కొత్తది. "పుట" అన్న మాట ట ప్రాసకి భలే పట్టావు.

తప్పు ఒక్కటే. రెండో పాదం యతి. "పటు"లో ప, "ప్లేను"లో ప్లే. హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. అకారానికి ఆ, ఐ, ఔ చెల్లుతాయి, ఏకారం చెల్లదు. "పటుతరముగ రైలు బస్సు బారులు దీరున్" అని మార్చుకో. ప–బా ఒకే వర్గం, యతి సరిపోతుంది. విమానం పోతుంది, ఏం చేస్తాం.

ఏడుకొండలు:
రేణిగుంటలో దిగే విమానాన్ని యతి కోసం రద్దు చేశారు. సరేనండి, ధన్యవాదాలు.

పెన్నగట్టు:
తమ్ముడూ, పద్యం బాగుంది గాని "పుటలోనె గదిని గొనుడిక" అని అంత ధీమాగా ఎలా అన్నావు? కొండ మీద గది కోసం పేజీ తెరుచుకునే నిమిషం దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. నెలల ముందే అయిపోతాయి. రెండు వారాలు వరసగా కొన్ని వందల మందికి ఎక్కడ దొరుకుతాయి?

ఏడుకొండలు:
కొండ మీద కాదన్నా. 2015లో వచ్చిన ఐఐటీ ఉంది, ఏర్పేడు దగ్గర. సెలవుల్లో హాస్టల్ ఇమ్మని అడుగుదామని నా ఆలోచన. బ్రహ్మోత్సవాలు తగలకుండా తేదీలు చూసుకుంటే చాలు.

నిర్వాహకుడు:
ఇది పద్యంలో లేదు గాని ప్రతిపాదనకి పనికొచ్చే మాట. రాసిపెట్టుకున్నాను.

కొత్తసభ్యుడు 2:
పట్టణమందున మిన్నది...

నిర్వాహకుడు:
ఆగండి. ట ప్రాసకి ట్ట కుదరదు, పైగా మొదటి అక్షరం గురువైంది. మళ్ళీ రండి.

నెల్లూరమ్మాయి:
అటుకులు బెల్లము పెట్టెద
మటుమాయము కానీయక మా నెల్లూరున్
నటనలు లేని మనసులివి
కిటికీ లేనట్టి యిల్లె క్షేమమొసంగున్

దాచుకునేదేమీ లేనివాళ్ళకి కిటికీలు, పరదాలు ఎందుకని.

విశ్రాంత పంతులు:
అమ్మా, రెండో పాదం కాగితం మీద విడగొట్టి చూడు. మటుమా / యముకా / నీయక / మానె / ల్లూరున్. స, స, భ, గగ, గగ. మూడోది, అంటే మొదటి పాదం నుంచి లెక్కిస్తే ఆరోది, జగణమో నలమో అయి తీరాలి. కందానికి అదే ఆయువుపట్టు. భగణం పడగానే నడక కుంటింది, పైకి చదివితే చెవికే తెలుస్తుంది. "మటుమాయము కాని ప్రేమ మా నెల్లూరున్" అంటే "నిప్రేమ" జగణం అవుతుంది. అటుకులు మటుమాయం కానివ్వనన్న చమత్కారం పోతుంది, అది నాకూ బాధే.

గోదారిగాలి:
అక్కా, ఒక సందేహం. ఇందులో నెల్లూరు తీసేసి గుంటూరు పెట్టినా గణాలు మారవు, అర్థమూ మారదు. మరి నెల్లూరు ఏది ఇందులో?

నెల్లూరమ్మాయి:
నిజమే. కోపం వచ్చింది గాని నిజమే. అంతకంటే పెద్ద నిజం, నేను నెల్లూరు వదిలి పద్నాలుగేళ్ళయింది. సభ పెట్టదగ్గ హాలు ఒక్కటి చెప్పమంటే మా అన్నయ్యకి ఫోన్ చేయాలి.

మల్లేశ్వరం మనవడు:
మీరంతా ఊళ్ళున్నవాళ్ళు. మా తాత చిత్తూరు జిల్లా నుంచి వచ్చాడు, మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే. పండక్కి అందరూ మెజెస్టిక్‌లో బస్సు కోసం తన్నుకుంటుంటే నేను ఖాళీ రోడ్ల మీద బండి నడుపుకుంటాను. షరతు ప్రకారం నాకు అర్హత ఉందో లేదో తెలియదు.

ఎటు నీ యూరని యడిగిన
చటుకున నీ బెంగుళూరె చాలని యందున్
ఇటుకల గూ డద్దె కొసఁగు
కిటికీ లేనట్టి యిల్లె క్షేమమొసంగున్

పెళ్ళికి ముందు బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో ఉన్నాను. గదికి నిజంగానే కిటికీ లేదు. తలుపు మూస్తే పగలో రాత్రో తెలిసేది కాదు. నా మొదటి ప్యాచ్, అంటే ప్రోగ్రాంకి దిద్దుబాటు, ఆ గదిలోంచే పంపాను.

విశ్రాంత పంతులు:
నాయనా, దీనికి నేను దిద్దేదేమీ లేదు.

సిల్క్‌బోర్డు బాధితుడు:
అద్దెకొసఁగు సరే, పది నెలల అడ్వాన్సు ఏ పాదంలో ఇరికించాలి?

గోదారిగాలి:
పద్యానికి నా ఓటు. ఊరికి మాత్రం కాదు. బెంగుళూరు ఎన్ని సభలు చూసింది! 2001లోనే లైనక్స్ బెంగుళూరు సభ పెట్టారు, 2009లో పైథాన్ భాషలో ప్రోగ్రాంలు రాసేవాళ్ళ మొదటి పైకాన్ ఇండియా ఇక్కడే. ఇంకా ఈ ఊరికే పిలిస్తే చిన్న ఊళ్ళ మొహం ఎవరు చూస్తారు?

మల్లేశ్వరం మనవడు:
అది ఒప్పుకుంటాను. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటించి తీసుకురావడం నా వల్ల కాదు.

పెన్నగట్టు:
పంతులుగారి "పచ్చరంగు" మాట వారం నుంచి గుచ్చుతోంది. మొన్న ఆదివారం పొద్దున్నే యలహంకలో రైలెక్కి ఊరు వెళ్ళాను. ఇంట్లో టిఫిన్ చేసి, మాకు తెలిసిన ఒక కాలేజీ హాస్టల్ చూడ్డానికి పోయాను. వార్డెన్ గారు తాళాల గుత్తి చేతికిచ్చి "చూసుకో" అన్నారు.

గదికి మూడు మంచాలు. ప్లగ్ పాయింట్ ఒక్కటే, అదీ ఇనుప బీరువా వెనకాల. బీరువా జరపబోతే కాళ్ళు నేలకు తుప్పు పట్టి ఉన్నాయి. రాత్రి పదింటికి వైఫై ఆపేస్తారట, పిల్లలు నిద్రపోవాలని. మన జనం అసలు పని మొదలుపెట్టేది పదింటికి. తాగే నీళ్ళు క్యాన్లలో వస్తాయి. ఇక కిటికీ సంగతి: చట్రం ఉంది, ఊచలు ఉన్నాయి, రెక్కలు లేవు. కిటికీ లేని ఇల్లని పద్యం రాసి నవ్వుకున్నానా, దోమల్ని తలుచుకుంటే నవ్వు రాలేదు.

మంచీ ఉంది. దేవనహళ్ళి విమానాశ్రయంలో దిగినవాళ్ళు బెంగుళూరు ముఖం చూడకుండా నేరుగా మా ఊరు రావొచ్చు. ఊరు 600 మీటర్లకు పైన ఉంటుంది, అందుకని కోస్తా చెమట ఉండదు. సభ మధ్యలో ఒకరోజు షికారు ఆనవాయితీ కదా, లేపాక్షి పదిహేను కిలోమీటర్లు, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసుకుంటారు. పద్యం మళ్ళీ రాశాను. ఇందులో సోర్సు తెఱచి ఉండడమంటే ఓపెన్ సోర్స్, ఎవరైనా తెరిచి చూసుకోగల ప్రోగ్రాం.

కటిక యెడారే యయినను
దిటవుగ మా హిందుపురము దీర్చును విడిదిన్
ఇటు సోర్సు తెఱచి యున్నది
కిటికీ లేనట్టి యిల్లె క్షేమమొసంగున్

విశ్రాంత పంతులు:
హిందూపురాన్ని హిందుపురం చేశావు. ఇంకొకడైతే ఊరుకునేవాణ్ణి కాదు. "పచ్చని" పోయి "కటిక యెడారే" వచ్చింది, ఆ ఒక్క మాటకి ఈ దీర్ఘం వదిలేస్తున్నాను.

నెల్లూరమ్మాయి:
మరీ ఎడారి అంటే ఎవరొస్తారు?

పెన్నగట్టు:
పచ్చగా ఉందని చెప్పి పిలిచి, వచ్చాక బండలు చూపిస్తే ఇంకా కోపమొస్తుంది అక్కా.

ఏడుకొండలు:
అన్నా, ఏర్పేడు హాస్టల్ నేనింకా కళ్ళతో చూడలేదు. చూసొచ్చి చెబుతాను. అప్పటిదాకా పోటీలోనే ఉన్నా.

నిర్వాహకుడు:
పెన్నగట్టు, అలాంటి గదులు ఎన్ని? బీరువా జరిపితే రెండో పాయింట్ వేయడానికి వార్డెన్ ఒప్పుకుంటారా?

పెన్నగట్టు:
పైఅంతస్తు తాళాలు దొరకలేదు, సగమే చూశాను. వైరింగ్ ఖర్చు మనదైతే ఆయనకి అభ్యంతరం లేదు.

సిల్క్‌బోర్డు బాధితుడు:
వచ్చే ఆదివారం నేనూ వస్తా. నా దగ్గర టెస్టర్, రెండు ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉన్నాయి. రైలు ఎన్నింటికి?