పత్తికి ఊళ్లోనే బీమా నిధి పెట్టుకుంటే నిలబడుతుందా?

చండూరు_పత్తిచేను:
మాది నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర ఊరు. నాన్న మూడెకరాల్లో పత్తి, బోరు కింద ఎకరం వరి వేస్తాడు. 2020లో తెలంగాణ కేంద్రం పంట బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి బయటికొచ్చాక మా ఊళ్లో పంట బీమా మాటే వినపడలేదు. రైతు బీమా ఉంది కదా అంటారు గానీ అది మనిషి పోతే ఇంటికొచ్చే 5 లక్షలు, పంట పోతే రూపాయి రాదు. అందుకే ఓ అరవై మందిమి ఎకరానికి 500 వేసుకుని నష్టపోయినవాళ్లకు ఇచ్చేలా ఒక నిధి పెట్టాలనుకుంటున్నాం, మొత్తం 200 ఎకరాలుంటాయి. నడుస్తుందా? విత్తనాలు పెట్టేలోపే తేల్చుకోవాలి.

దేవరకొండ_రైతు:
మంచి ఆలోచనే తమ్మీ, ముందు లెక్క వేసుకోండి. వచ్చేది లక్ష. వడగండ్లు పడి ఐదెకరాలు పోయాయనుకో, ఎకరానికి 20 వేలు ఇవ్వొచ్చు, ఆ రైతు మళ్లీ నిలదొక్కుకుంటాడు. అదే ఆగస్టులో నెల రోజులు చినుకు లేకపోతే 200 ఎకరాలూ ఒకేసారి ఎండుతాయి, అప్పుడు ఎవరి 500 వాళ్లకే తిరిగొస్తుంది! కరువొస్తే మీ ఊరొక్కటే కాదు, మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి అన్నీ కలిసి ఎండుతాయి. ఆ నష్టాన్ని సర్కారు, పెద్ద కంపెనీలు, వేరే రాష్ట్రాల రైతుల ప్రీమియాలు కలిసి మోయాల్సిందే. మీ నిధిని వడగండ్లు, అడవి పందులు, వాగు పొంగి ఒకరిద్దరి చేను మునగడం, ఇలాంటివాటికే ఉంచండి. కరువు అన్న మాట రాయనే వద్దు.

పాలమూరు_పల్లి:
అన్న చెప్పింది నిజం. చాలామందికి తెలియదు, దేశంలో వాన లెక్క మీద ఇచ్చే బీమా మొదట పెట్టింది మన మహబూబ్‌నగర్ జిల్లాలోనే, 2003లో, పల్లి, ఆముదం రైతులకు. పల్లెల్లో అప్పులిచ్చే బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి చేశాయి. వాన కొలిచే కేంద్రంలో మిల్లీమీటర్లు తక్కువైతే డబ్బులు వస్తాయి, చేను చూడ్డానికి ఎవరూ రానక్కర్లేదు. కానీ కేంద్రం దగ్గర కురిసి నీ చేనులో కురవకపోతే నీకేమీ రాదు. ఫసల్ బీమాలోనూ దిగుబడి లెక్క ఊరికో మండలానికో కలిపే కడతారు, ఊరి సగటు బాగుంటే నీ ఒక్కడి నష్టం అందులో కలిసిపోతుంది. వడగండ్ల లాంటివాటికి చేను చూసి ఇస్తారు, అదీ 72 గంటల్లో చెప్పాలి. ఇలా ఒక్కడి నష్టం లెక్కలోకి రాని చోటే ఊరి నిధి అక్కరకొస్తుంది.

కల్వకుర్తి_కౌలు:
అందరూ పట్టా ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మేం ఆరెకరాలు కౌలుకు చేస్తాం. పెట్టుబడి మాది, అప్పు మాది, పాస్‌బుక్కు మాత్రం పట్నంలో ఉండే ఆసామిది. రైతు బీమా కూడా పట్టాదారుకే. కౌలుదారులకు కార్డులిచ్చే చట్టం 2011లోనే వచ్చింది, ఇప్పటికీ మా చేతికి కార్డు రాలేదు. మీ అరవై మందిలో కౌలువాళ్లు ఎందరు తమ్ముడూ? ఎవరు సాగు చేస్తే వాళ్ల పేరే రాయండి. ఇంకోటి, విత్తనాలప్పుడు 500 అడిగితే ఎవరి దగ్గరా ఉండవు, పత్తి అమ్మిన పైసలు పడ్డప్పుడు తీసుకోండి.

దేవరకొండ_రైతు:
అక్క మాట తప్పకుండా పాటించు. అలాగే నిధి పెట్టుకున్నాం కదా అని సర్కారును అడగడం మానొద్దు. ఫసల్ బీమాలో రైతు వాటా పత్తికి 5 శాతం, వానాకాలం వరికి 2 శాతం, మిగతాది కేంద్రం, రాష్ట్రం చెరి సగం. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో 2020లో ఒక పద్ధతి తెచ్చారు. ప్రీమియంలో 110 శాతం దాకా పరిహారం కంపెనీ ఇస్తుంది, అది దాటితే రాష్ట్రం ఇస్తుంది. పంటలు బాగుండి పరిహారం 80 శాతం లోపే ఉంటే కంపెనీ ప్రీమియంలో 20 శాతం ఉంచుకుని మిగిలింది రాష్ట్రానికి వాపసు ఇవ్వాలి. కంపెనీలే బాగుపడుతున్నాయన్న కోపానికి ఇది సరైన జవాబు, మనమూ ఇదే అడగాలి.

చండూరు_పత్తిచేను:
కరువు తీసేస్తున్నాం. మాలో పద్నాలుగు మంది కౌలువాళ్లే అక్కా, సాగు చేసేవాళ్ల పేరే రాస్తాం. ఈ ఏడాది ముందు ఎకరానికి 200 రూపాయలు, మిగతాది పత్తి అమ్మాక. కానీ నష్టం ఎంతో ఎవరు చెప్పాలి? ఊరివాళ్లైతే మొహమాటాలు, గొడవలు.

పాలమూరు_పల్లి:
పక్క ఊరి రైతులు ఇద్దరు, మీ మహిళా సంఘం లెక్కలు రాసే అక్క, ముగ్గురూ కలిసి చేను చూడాలి. నష్టం జరిగిన రోజే ఫోటో తీయాలి. పైసలు ఎవరింట్లోనూ వద్దు, బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవండి.